పక్కింటి పిల్ల కోసం అడిగిన ప్రశ్న

చాట్‌బాట్‌ని ప్రశ్న అడిగేటప్పుడు మాటలు జాగ్రత్తగా ఎంచుకోవాలని ఎవరైనా చెప్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అబద్ధమని కాదు. చెప్పేవాళ్లందరూ ఎదుటి మనిషికి మాటలు ఎంచుకోవడం చేతకాదన్న ధీమాతో చెప్తారు. మా అక్క ఎంచుకున్నంత జాగ్రత్తగా మాటలు ఎంచుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ జాగ్రత్తే ఆమె ప్రాణాల మీదికి తెచ్చింది.

మా అక్కది ఎస్. రాయవరం మండలంలో ఒక పల్లెటూరు. చెరుకూ వరీ పండిస్తారు. నేను అనకాపల్లిలో బెల్లం మార్కెట్ దగ్గర ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. అక్క కొడుకు పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. తెల్లారకుండా కంపెనీ బస్సెక్కుతాడు, పొద్దుపోయాక దిగుతాడు. ఆ కంపెనీలో వాళ్లకి ఏఐని ఎలా అడగాలో ట్రైనింగ్ ఇచ్చారట. అప్పట్నుంచీ వాడు ఇంట్లో అందరికీ మాస్టారైపోయాడు. భార్య పప్పులో ఉప్పు తక్కువైందన్నా, “ఎంత తక్కువో సెప్పాల కదా, లేకపోతే ఎలగ?” అనేవాడు.

ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగానే తన పాత ఫోన్ తల్లి చేతిలో పెట్టి, అందులో చాట్‌బాట్ ఎక్కించి, పాఠం మొదలుపెట్టాడు.

“అమ్మా, ఇది మనిషి కాదు. నీ మొహం సూసి ఏదీ కనిపెట్టలేదు. నువ్వేటి సెప్తే దానికదే తెలుసు. వయసెంత, ఎన్నాళ్ల నుంచి, అంతకు ముందేటైంది, అన్నీ ఇడమర్చి సెప్పాల. సగం సెప్తే సగం జవాబే వత్తాది.”

అక్క బుద్ధిగా తలూపింది.

“నా మెయిల్‌తోనే లాగిన్ సేసేను. నువ్వడిగినియ్యన్నీ నా ఫోన్లో కూడా కనబడతాయి. ఎక్కడైనా తప్పుగా అడిగితే నాను సూసి సెప్తాను. బయపడకు.”

“అంటే నానేటడిగినా నీకు తెలుత్తాదన్నమాట” అంది అక్క.

“అవునమ్మా. మరందుకే కదా” అన్నాడు వాడు, తల్లికి పెద్ద ఉపకారం చేసినట్టు మొహం పెట్టి.

మా అక్క పెద్దగా చదువుకోలేదు. కానీ మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని తెలిశాక ఆమెకి అడ్డే లేకపోయింది. ఆ ఏడు వాళ్ల చెరుకు తోట పాడవుతుంటే ఫోన్‌ని అడిగింది. ఆ అడిగిన తీరు నేను చెవులారా విన్నాను. ఇది కొత్తగా నాటిన తోట కాదు, నిరుడు నరికిన మోళ్ల నుంచి లేచిన కార్శి తోట అని చెప్పింది. ఆకులు ఎటు వైపు నుంచి ఎండుతున్నాయో చెప్పింది. గెడ చీల్చి చూస్తే లోపల ఎర్రగా ఉందనీ, మధ్య మధ్య తెల్ల మచ్చలున్నాయనీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన వస్తోందనీ చెప్పింది. నిరుడు ఏ మూల నీళ్లు నిలబడ్డాయో కూడా చెప్పింది. అది ఎర్రకుళ్లు తెగులని, ఆ దుబ్బులు పీకి తగలబెట్టమని, ఆ మడిలో మళ్లీ కార్శి వద్దని జవాబు వచ్చింది. వ్యవసాయాఫీసు నుంచి వచ్చినాయనా అదే మాట అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కొడుకు మురిసిపోయాడు. “మా అమ్మ అడిగిన ప్రాంప్ట్ సూసి మా ట్రైనింగ్ సారే నేర్సుకోవాల పిన్నీ” అన్నాడు. కనుక మా అక్కకి అడగడం రాదని నాతో ఎవరూ అనకండి.

ఇక అసలు సంగతి. ప్రతి ఏడూ కొత్త అమావాస్య వెళ్లాక నూకాలమ్మ జాతర నెలలో అక్క మా ఇంటికి వస్తుంది. ఇద్దరం కలిసి గుడికి వెళ్లి అమ్మవారికి చీర పెట్టి వస్తాం. జ్వరం వచ్చినా, వాన వచ్చినా, ఆమె మానిన ఏడు లేదు. ఈ ఏడూ వచ్చింది. బస్సు దిగి ఇంటికి వస్తూనే, చీర ఉన్న సంచి గుమ్మం పక్కన ఉందనీ, కోడలు కట్టి ఇచ్చిందనీ, అది నన్నే పట్టుకోమనీ అంది. అలసిపోయిందనుకుని పట్టుకున్నాను.

గుడి దగ్గర చెప్పులు విడిచే చోట ఆగిపోయింది.

“నువ్వెల్లి రాయే. నాకు మోకాళ్లు లాగుతున్నాయి. నానిక్కడ కూకుంటాను.”

ఆమెకి మోకాళ్ల నొప్పులున్నట్టు నేనెప్పుడూ వినలేదు. వెనక జనం తోస్తున్నారు, లైను కదులుతోంది, సరేనని వెళ్లాను. దర్శనం చేసుకుని బయటికి వచ్చి, బొట్టు పెడదామని కుంకుమ వేలు ముందుకి చాపాను. అక్క చటుక్కున వెనక్కి జరిగింది. నా చెయ్యి తగలకూడదన్నట్టు, చేతిలో ప్రసాదం తగలకూడదన్నట్టు, చీర కొంగు కూడా దగ్గరికి లాక్కుంది.

మా ఇళ్లల్లో పుట్టిన ఆడదానికి ఆ జరగడం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కానీ అక్కకి నెలసరి ఆగిపోయి ఏళ్లయింది. ఆగినప్పుడు “ఇంక ఏ నెలైనా అమ్మోరి కాడికి రావచ్చే” అని నాతో సంబరంగా చెప్పింది కూడా.

“ఇదేటక్కా? ఈ వయసులో ఇదేటి?” అన్నాను.

“అరవకే. జనం ఉన్నారు” అంది.

ఇంటికొచ్చి తలుపేసి నిలదీశాను. అప్పుడు చెప్పింది. కొన్నాళ్లుగా కొంచెం కొంచెం కనబడుతోందట. నొప్పి లేదట. మనిషి పనీ పాటూ ఆగలేదట. అందుకని ఎవరికీ చెప్పలేదట.

“నువ్వు కంగారు పడకే. నాను అడిగేనులే. ఏటీ పర్లేదంది” అని ఫోన్ తీసి నా చేతికిచ్చింది.

చదివాను. ఆ ప్రశ్న నాకు మాట మాటా గుర్తుంది. ‘మా పక్కింటి అమ్మాయికి ఇరవై ఏళ్లు. పెళ్లి కాలేదు. నెల మధ్యలో అప్పుడప్పుడు కొంచెం కనబడుతోంది. నొప్పి లేదు. పనులన్నీ చేసుకుంటోంది. భయపడాలా?’

దానికి జవాబు మర్యాదగానే ఉంది. ఆ వయసు ఆడపిల్లల్లో ఇలా జరగడం తరచూ చూసేదేనని, హార్మోన్ల తేడా వల్లో, నిద్ర చాలకో, మానసిక ఒత్తిడి వల్లో కావచ్చని చెప్పింది. మంచి తిండి తినమంది. తగ్గకపోతే, ఎక్కువైతే, ఆడ డాక్టరుకి చూపించమంది. ఆ అమ్మాయికి ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అని చివర్న అడిగింది కూడా. ఆ ప్రశ్నకి అక్క బదులు చెప్పలేదు.

మా అక్క పక్కింట్లో ఇరవయ్యేళ్ల అమ్మాయి లేదు. అసలు పక్కన ఇల్లే లేదు. ఒక వైపు బావ దాయాదుల పశువుల పాక, ఇంకో వైపు గడ్డిమేటు.

ఎంత నేర్పుగా అల్లిందో చూడండి. వయసు మార్చింది. పెళ్లి కాలేదని చెప్పింది. కొడుకు తన ఫోన్లో చదివినా వాడి ఆలోచన పొరపాటున కూడా తల్లి మీదికి పోకూడదు, అంతే. ఒక్క మాట కూడా అనవసరంగా వాడలేదు. చెరుకు గురించి చెప్పినంత వివరంగా, చెరుకు గురించి చెప్పినంత కుదురుగా, లేని పిల్లకి లేని ఒంటిని తయారు చేసి పెట్టింది. ‘ఆగిపోయి ఏళ్లయింది’ అన్న ఆ ఒక్క ముక్కే అందులో లేదు. దానికి కావలసింది ఆ ముక్కే.

“నీ గురించి అడగొచ్చు కదే!” అని కేకలేశాను.

“ఎలగ అడగను? ఆడు సూత్తాడు కదే. కన్నకొడుక్కి తెలియాలేటి ఇయ్యన్నీ? రేపాడి మొకం నానెలగ సూడను?” అంది. మళ్లీ తనే, “అయినా నా మీద పెట్టుకుని ఎలగ సెప్తానే, అసుబం” అంది.

చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా గడ్డ లేచిందనో దెబ్బ తగిలిందనో చెప్తూ, ఎక్కడో చూపించడానికి మా ఒంటి మీద వేలు పెడితే మా అమ్మ చెయ్యి మీద ఒక్కటేసేది. “నీ మీద పెట్టి సూపించకు. గోడ మీద సూపించు” అనేది. అందరం అలాగే పెరిగాం. మా మేనత్త ఒకావిడ ఊళ్లోని ఆరెంపీ డాక్టరు దగ్గరికి వెళ్లి, తన జబ్బంతా మరిది పెళ్లాం జబ్బుగా చెప్పి, మందులు తెచ్చుకుని మింగేది. ఆయనా అడిగేవాడు కాదు, ఆ మరిది పెళ్లాం ఎందుకు రాలేదమ్మా అని. ఆడవాళ్ల జబ్బు ఎప్పుడూ అక్కడ లేని ఆడదానికే వస్తుంది. ఈ తెలివంతా మాకు నూరిపోసి, ఇప్పుడు ఫోన్ చేతిలో పెట్టి, దాచకుండా చెప్పాలమ్మా అంటున్నారు.

నా ఫోన్ తీశాను. అక్క వయసు, నెలసరి ఎప్పుడు ఆగిందో, ఇప్పుడు ఎన్నాళ్లుగా ఎలా ఉందో, ఉన్నదున్నట్టు అడిగాను. జవాబు మొత్తం మారిపోయింది. నెలసరి ఆగిపోయిన తర్వాత ఏ కొంచెం కనబడినా, నొప్పి లేకపోయినా, వెంటనే స్త్రీల డాక్టరుకి చూపించాలంది. చాలామందిలో చిన్న కారణమే ఉంటుందని, కానీ గర్భసంచిలో క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా వదిలేయకూడదంది. పైకి చదివి వినిపించాను.

అక్క ఆ జబ్బు పేరుకి జడవలేదు. నా మీద విరుచుకుపడింది.

“మా అక్కకి అని రాసేసేవా? నా మీద పెట్టేసేవా?” అంటూ లేచి వంటగదిలోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా తీరు. ముందు ఆ యంత్రం మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కుదర్లేదు. ఇరవై అని చెప్తే పాపం ఇరవయ్యే అనుకుంది. ఆ ఇంటి గుమ్మం దానికి తెలియదు. తెలిసినవాళ్లు వేరే ఉన్నారు కదా, వాళ్ల పని పడదామని బావకి ఫోన్ చేశాను.

“బావా, అక్క దేవుడి గదిలో దీపం పెట్టి ఎన్నాళ్లయింది?”

ఆయన తడబడ్డాడు. “మాగమాసం కాడ్నించి కోడలే పెడతంది. దానికి అప్పజెప్పేసిందేమో అనుకున్నాను మరదలా.”

“అనుకున్నావు. అడిగేవా?”

“ఆడోళ్ల ఇసయం. నానేటడుగుతాను?”

తోటలో ఒక్క గెడ పసుపు తిరిగితే చీల్చి వాసన చూసే మనిషి ఆయన. భార్య వారాల తరబడి దీపం దగ్గరికి పోకపోతే అది ఆడవాళ్ల విషయమైపోయింది. కోడలికీ తెలుసు. చీర సంచి విడిగా కట్టి ఇచ్చింది కదా. అత్తని అడగడానికి ఆమెకి నోరు రాలేదట. ఆ పిల్లని నేనేమీ అనలేదు. ఆ ఇంట్లో ఎవరికి నోరుందని ఆమెకి ఉంటుంది?

అక్క కొడుకు కంపెనీ బస్సులోంచి మాట్లాడాడు. సంగతి చెప్పాను.

“ఆ చాట్ నాను సూసేను పిన్నీ” అన్నాడు.

“సూసేవా?”

“ఎవలో అమ్మాయి గురించి కదా, నాకెందుకులే అని వదిలేసేను.”

“మీ పక్కింట్లో అమ్మాయి ఎవుర్తిరా?”

వాడు అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది. మూసుకోలేదు. “కానీ పిన్నీ, అమ్మ ప్రాంప్ట్ సరిగ్గా ఇచ్చుంటే అది కరెక్టుగానే సెప్పును. వయసే తప్పు కొట్టింది కదా.”

అప్పుడు నేను అరిచిన అరుపుకి మా పక్క వాటావాళ్లు తలుపు తీసి చూశారు.

“ప్రాంప్టా? సెరుక్కి ప్రాంప్ట్ ఇవ్వలేదురా మీ అమ్మ? సెరుకు పుట్టుపూర్వోత్తరాలన్నీ సెప్పలేదూ? సెరుక్కి సిగ్గు లేదు. దాని గురించి నువ్వు సదివితే దాని పరువు పోదు. నీ మెయిల్ పెట్టి, నీ కళ్లు పెట్టి, అన్నీ సెప్పమ్మా అన్నావు. ఎవరికి సెప్పమన్నావురా, దానికా, నీకా? తప్పు అడిగితే సూసి సెప్తానన్నావు. సూసేవు. ఏటి సెప్పేవు?”

వాడు ఏడ్చాడు. ఏడవనీ అనుకుని ఫోన్ పెట్టేశాను.

అక్క మాత్రం కదల్లేదు. అమ్మవారి నెల వెళ్లాక చూద్దామంది. కోడలి పుట్టింట్లో గృహప్రవేశం అయ్యాక చూద్దామంది. బతిమాలాను, తిట్టాను, ఒట్టు వేయించుకోవాలని చూశాను. ఏదీ పని చెయ్యక, విసిగిపోయి, “పోనీ నువ్వు రాకు. మీ పక్కింటి పిల్లని తీసుకుని నేనే డాక్టరు కాడికి ఎల్తాను, పెళ్లి కావాల్సిన పిల్ల” అన్నాను. అక్క ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. నా ఒళ్లో తల పెట్టుకుని, “నాకు బయమేత్తందే” అంది. గుడికి వెళ్లిన దగ్గర్నుంచీ ఆమె నోట ‘నాకు’ అన్న మాట మోకాళ్లకి తప్ప దేనికీ రాలేదు.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి మా ఊళ్లోని లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె స్కానింగ్ తీసి, గర్భసంచి లోపలి నుంచి కొంచెం ముక్క తీసి పరీక్షకి విశాఖపట్నం పంపింది. ఆ రిపోర్టు వచ్చేదాకా బావ వచ్చి మా అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లని చూస్తూ ఉండేవాడు. ఆయన్ని చూస్తే జాలేసేది. జాలితో బాటు, నువ్వొక్క మాట అడిగుంటే అని ఒళ్లు మండేది కూడా.

రిపోర్టులో క్యాన్సరే అని తేలింది, కానీ ఇంకా మొదట్లోనే ఉంది. గర్భసంచి దాటి పోలేదు. విశాఖలో ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంకొన్నాళ్లు ‘ఏమీ పర్లేదు’ అనుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదని నేను డాక్టర్ని అడిగాను. ఆమె, “ఇప్పుడు తీసుకొచ్చారు కదా” అంది. నాకు ఆ జవాబు చాలింది.

అక్క ఇంటికొచ్చాక కొడుకు మంచం పక్కన చేరి, ఆ పాత ఫోన్లో తన మెయిల్ తీసేసి తల్లి పేరు మీద కొత్తగా తెరిచాడు. “ఇంక నువ్వేటడిగినా నాకు కనబడదమ్మా. ఒట్టు. నాను సూడను” అన్నాడు. వాడు మంచివాడే, ఆ సంగతి నేను ఎప్పుడూ కాదనలేదు.

అక్క వాడి వైపు చూసి, “సూత్తే సూడు నాయనా. సూసినాక అడుగు” అంది.

పల్లెటూళ్లో మనిషి ఆసుపత్రి నుంచి వచ్చిందంటే పరామర్శకి జనం విడవరు. రొట్టె ముక్కలు, బత్తాయిలు పట్టుకుని రోజూ వచ్చేవారు. ఏమైందని అడిగితే బావ అందరికీ, “కడుపులో సిన్న గడ్డ, తీసేసేరు” అని చెప్పేవాడు. ఒక రోజు అక్క లోపల్నుంచే, “గడ్డ కాదు. గర్బసంచి. ఆగిపోయినాక మళ్లీ కనబడితే సూపించుకోవాలంట, నాను సూపించుకోలేదు” అని అరుగంతా వినబడేలా అంది. మగవాళ్లు తలలు దించుకున్నారు. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. నాకు మాత్రం లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఒకావిడ మిగిలింది. అక్క ఈడుదే, వీధి చివర ఇల్లు. ఎండల గురించి మాట్లాడింది, కరెంటు గురించి మాట్లాడింది. లేచి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించి, “మా ఆడపడుసు తోటికోడలు ఒకత్తుందిలే ఒదినా, రోలుగుంట అవతల. దానికీ ఇలాగే కొంచెం కొంచెం…” అని మొదలుపెట్టింది.

అక్క ఆమె మాట పూర్తి కానివ్వలేదు. కుట్లు లాగుతుంటే మెల్లగా పక్కకి తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నీకెన్నాళ్ల నుంచే?” అని అడిగింది.

ఆవిడ గుమ్మం వైపు చూసింది. నా వైపు చూసింది.

“దసరా కాడ్నించొదినా.”